నాలుగు గొంతుల గర్బీనో

ఆ గిటారు గుమ్మం దాటుతూండగానే నాకు వాసన తగిలింది. మా అన్నయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు, దాన్ని మోసుకొచ్చిన గ్వాల్తియేరో మూడంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు, నేనేమో ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డాను. కర్పూరం. దాని వెనకాల సన్నగా ఇంకోటి, పులిసిపోయిన ద్రాక్షతొక్కు లాంటిది. సగం జీవితం సెల్యులాయిడ్ రేకుల మధ్య గడిపినదాన్ని. ఆ వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"చూశావా ఇజీనా? వచ్చేసింది" అన్నాడు అన్నయ్య.

"చూశాను" అన్నాను. ఇంకేమనను? ఎనభై దాటిన మనిషి, చెంపలు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, వెనక గది గోడకున్న ఖాళీ మేకు వైపు చూపిస్తున్నాడు.

"జాగ్రత్త నాయనా, కింద చెయ్యి పెట్టు, గోడకి తగలనివ్వకు" అంటూ అన్నయ్య గ్వాల్తియేరో చుట్టూ తిరిగాడు. గ్వాల్తియేరో లొరేతోలో పాతసామాన్ల కొట్టు నడుపుతాడు. మంచివాడే గానీ నోరు ఊరుకోదు.

"గొడ్డు బరువుంది పెద్దాయనా. దీన్ని భుజాన వేసుకుని పాటలు కూడా పాడేవాళ్లా? మీ కాలంలో ఏం తినేవాళ్లండీ మనుషులు?" అని స్టూలెక్కి తగిలించాడు.

ఆకుపచ్చ రేకు మీద కిటికీ వెలుగు పడి తళతళలాడింది. అన్నయ్య నాలుగడుగుల దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ముట్టుకోలేదు. అన్నేళ్లు ఎదురుచూసిన వస్తువుని ముట్టుకోడేమిటా అని నాకు ఆ క్షణంలోనే తోచాల్సింది, తోచలేదు. నా ధ్యాసంతా వాసన మీదే ఉంది.

మా అన్నయ్య పేరు ఉల్దెరీకో. ఆయన పై అంతస్తులో ఉంటాడు, నేను కింద. నా మొగుడు పోయాడు, ఆయన పెళ్లాం ఆల్బా కూడా పోయింది, కాబట్టి వంట నాది, వంకలు పెట్టడం ఆయనది. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆయన పని అదే. మా ఊరి అకార్డియన్ల ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల ఆయనది. తయారైన సరుకు ఆయన చేతి కిందనుంచి దాటితేనే పెట్టెలోకి వెళ్లేది. నచ్చకపోతే "పనికిరాదు" అని ఒక్క మాట, ఎర్ర సుద్దతో ఒక్క గీత. ఆ సుద్దని చూస్తేనే ఆడవాళ్లందరికీ వణుకు. చెల్లెలినని నా మీదేమైనా దయ చూపించాడా? నా తలకాయ చూపించాడు!

అరవైల్లో కుర్రకారుకి అకార్డియన్ మొహం మొత్తేసరికి, ఇక కరెంటు గిటార్లు చేద్దామన్నాడు మా యజమాని. మాకు గిటారంటే ఏం తెలుసు? చెక్కపెట్టె చెయ్యడం తెలుసు, దానికి రంగురంగుల సెల్యులాయిడ్ రేకు తొడగడం తెలుసు, బొత్తాలు బిగించడం తెలుసు. అవే చేశాం. తీగల కింద ధ్వనిని పట్టే అయస్కాంతాలుంటాయి చూశారూ, వాటిని మావాళ్లు గొంతులు అనేవాళ్లు, అకార్డియన్‌కి అన్నట్టే. అకార్డియన్ బొత్తాలనే తెచ్చి గిటారు పొట్ట మీద వరసగా పెట్టారు. పెళ్లికి ముస్తాబైన ఫ్రిజ్జులా ఉండేది. ఆ వరస మొత్తానికి గర్బీనో అని పేరు పెట్టాడు మహానుభావుడు. గర్బీనో అంటే నైరుతి నుంచి కొట్టే వడగాలి. అది వీచిందంటే మా ఊళ్లో పాలు విరుగుతాయి, మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటారు. ఆ పేరు వద్దయ్యా అంటే వింటేనా? ఐదేళ్లు చేశారు, మూసేశారు.

ఇప్పుడా గర్బీనోలు ఎక్కడైనా చూడాలంటే మా అన్నయ్య వెనక గదికే రావాలి. ఎవరొచ్చినా, గ్యాసు మీటరు చూసుకునే అతనైనా సరే, చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళతాడు.

"మొత్తం పదకొండు రకాలు" అని మొదలుపెడతాడు. "ఒక గొంతుది ముందు వచ్చింది. ఎరుపు, నలుపు, ముత్యపు తెలుపు. దానికి బొత్తాలు రెండే. తర్వాత రెండు గొంతులది. మీట లేకుండా ఎరుపూ తెలుపూ. తీగల్ని వణికించే మీటతో అయితే ఎరుపు, నలుపు, బంగారు రంగు. ఆ బంగారు దాని పలక చూడు, ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టు. ఓసిమోలో ఒకడి దగ్గరుంది, దానికి ఒకటి తక్కువ. ఎవడో కెలికాడు. తర్వాత యజమానికి రేకు దండగనిపించి, వట్టి వార్నిష్ కొట్టి రెండు రకాలు వదిలాడు. ఇవిగో, చెప్పుల రంగువి."

"అబ్బో" అంటాడు మీటరు అతను. "మరి ఆ మేకు ఖాళీగా ఉందేం?"

అన్నయ్య నోరు అక్కడితో బందు. "మీటరు వంటింట్లో ఉంది బాబూ, ఇటు రా" అంటాను నేను.

మార్చడం అంటే ఆయనకి ఒళ్లుమంట. ఒక్క మర మారినా అది గర్బీనో కాదంటాడు. రేకు మార్చిన గిటారు గొరిగిన పిల్లితో సమానమంటాడు. ఓసిమో పెద్దమనిషి ఒకసారి ముత్యపు తెల్లదానికి కొత్త రేకు తొడిగించుకుని, ముచ్చటపడి చూపించడానికి తెస్తే, ఈయన కూర్చోమనలేదు, కాఫీ అడగలేదు, గుమ్మంలోంచే పంపించేశాడు. నేనే సిగ్గుపడి మెట్లదాకా వెళ్లి, ఆయనకి బుర్ర బాలేదండీ అని చెప్పొచ్చాను.

ఖాళీ మేకు నాలుగు గొంతులదాని కోసం. సముద్రపు ఆకుపచ్చ రేకు, ఆరు బొత్తాలు. మెడ వెనక కూడా రేకే! అకార్డియన్లు చేసే మాలాంటి వాళ్లకి తప్ప ఆ బుద్ధి ఎవరికీ పుట్టదు. చెయ్యి జారాల్సిన చోట రేకు తొడిగితే చెమటకి అతుక్కుపోదూ? మిలాను ప్రదర్శన కోసం ఆరంటే ఆరు చేశాం. చూసినవాళ్లు ఎత్తి, అమ్మో అని దింపేశారు. మళ్లీ చెయ్యలేదు.

ఆ ఆరింటికీ రేకు తొడిగింది నా పక్క బల్ల దెర్నా మూడు, నేను మూడు. రేకుని అసిటోన్‌లో నానబెడితే తడిగుడ్డలా మెత్తబడుతుంది. అప్పుడు సాగదీసి చెక్కకి చుట్టి, అంచూ అంచూ కలిపి అతుకు వెయ్యాలి. అతుకు ఎక్కడ దాచుకోవాలన్నది ఎవరిష్టం వాళ్లది. దెర్నా కింద భాగంలో, పటకా తగిలించే బొత్తాం దగ్గర దాచేది. నాది కుడి మోచెయ్యి ఆనే వంపులో. గీకి మెరుగు పెట్టాక బయటివాళ్లకి కనపడదు గానీ, మాకు మాత్రం సంతకంలా కనపడుతుంది.

ఇవానో ఆ ఆకుపచ్చదాని మీద మనసు పారేసుకున్నాడు. ఇవానో మా అన్నయ్యకి ఒక్కగానొక్క కొడుకు. ఫ్యాక్టరీలో పెట్టెలు మోసేవాడు, ఆదివారాలు సముద్రం ఒడ్డు డాన్సు హాళ్లలో వాయించేవాడు. ఇంట్లో ఉన్నది చవక రకం గిటారు. ఫ్యాక్టరీలో ఒక కట్టుబాటు ఉండేది. ఎర్రగీత పడ్డ సరుకు దుకాణానికి వెళ్లకూడదు, పనివాళ్ల ఇళ్లకి పోవాలి. నేను నా మూడోదానికి రేకు తొడిగి, ఇంకా తడి ఆరకముందే బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్లాను. వచ్చి చూద్దును కదా, వీడు దాని పక్కనే నిలబడి ఉన్నాడు. నా అతుకు పక్కన, మెత్తటి రేకులో, ఇంత లోతున బొటనవేలి గుంట. గోటి గీతతో సహా.

"గాడిదా! ఆరనివ్వరా!" అని ఫ్యాక్టరీ దద్దరిల్లేలా అరిచాను.

"తెలీక తగిలింది అత్తా" అన్నాడు, నవ్వు బిగబట్టుకుని. తెలీకట!

అది ఆఖరి బల్ల మీదికి వెళ్లింది. అన్నయ్య తిప్పి చూశాడు. ఆ గుంటలో తన బొటనవేలు పెట్టి చూశాడు. తలెత్తి కొడుకు మొహం చూశాడు. ఎంత దొంగవెధవో అర్థమైపోయింది ఆయనకి. "పనికిరాదు" అని గీత గీశాడు. వాడు గంతులేసుకుంటూ దాన్ని ఇంటికి పట్టుకుపోయాడు. వాణ్ణి తిట్టినందుకు నాకు ఏనాడూ బాధ లేదు. నా చేత తిట్టించుకోడానికే పుట్టాడు వాడు.

రెండేళ్లు వాయించాడు. ఒక నవంబరులో, కత్తోలికా ఊళ్లో వాయించి తిరిగొస్తుంటే పొగమంచులో వాళ్ల వ్యాను లారీ కిందకి దూరిపోయింది. వ్యానులో డ్రమ్ములున్నాయి, వాడి బూట్లున్నాయి, గిటారు లేదు. దారిలో ఎవడు ఎత్తుకుపోయాడో, అంతకుముందే వాడు ఎవరికిచ్చాడో చెప్పేవాళ్లు మిగల్లేదు. ఆల్బా మంచం పట్టింది. అన్నయ్య వెతకడం మొదలుపెట్టాడు. నాలుగు గొంతులది ఎక్కడా దొరక్క, దొరికిన గర్బీనోనల్లా తెచ్చి గోడకి పెట్టాడు. "అది వచ్చేసరికి దాని తోడబుట్టినవాళ్లు ఇంట్లో ఉండాలి కదే" అనేవాడు. దాదాపు నలభై ఏళ్లు అదే మాట.

ఇప్పుడది వచ్చింది. అన్నయ్య గ్వాల్తియేరోని కిందిదాకా దిగబెట్టడానికి వెళ్లగానే నేను స్టూలెక్కాను. మోచేతి వంపులో వేలు పెట్టి రాశాను. నున్నగా ఉంది. గుంటా లేదు, అతుకూ లేదు. కిందికి వంగి పటకా బొత్తాం దగ్గర చూశాను. ఉంది. దెర్నా అతుకు. పాపం దెర్నా పోయి కూడా చాన్నాళ్లయింది, ఆ అతుకు మాత్రం నిన్న వేసినంత శుభ్రంగా ఉంది. ఇది ఇవానోది కాదు. మెల్లగా దిగి ఆ స్టూలు మీదే కూర్చున్నాను.

అది చాలదన్నట్టు జబ్బొకటి. సెల్యులాయిడ్‌కి జబ్బు చేస్తుందంటే నవ్వుతారు గానీ, చేస్తుంది. ముందు కర్పూరం వాసన గుప్పుమంటుంది, తర్వాత పులుపు, తర్వాత సన్నటి పగుళ్లు, ఆ తర్వాత చెమట. ఆ చెమట ఆవిరి పక్కనున్న తీగల్నీ మరల్నీ తినేస్తుంది, పక్క రేకుకి కూడా అంటించేస్తుంది. ఒక వేసవిలో మా గోడౌనులో ఒక్క అకార్డియన్‌తో మొదలై అర మొత్తం నాశనమైంది. మందు లేదు. వేరు చేసి బయట పెట్టడమొక్కటే. ఈ ఆకుపచ్చదాని మెడ దగ్గర మరల మీద అప్పటికే పచ్చటి బూజులాంటిది పట్టింది.

మర్నాడు శుక్రవారం. ఎండుచేప కూర వండి పైకి పట్టుకెళ్లాను. ఆయన రెండు ముద్దలు తిన్నాక కదిపాను.

"అన్నయ్యా, దానికి జబ్బు చేసింది. నీకు వాసన రావట్లా?"

"నీ చేప వాసన వస్తోంది."

"వేళాకోళమా? బాల్కనీలో పెట్టు దాన్ని. మిగతావాటికి అంటుకుంటుంది."

"బాల్కనీలోనా, ఈ ఎండలోనా? మతి పోయిందా నీకు? ఇన్నేళ్లకి ఇంటికొస్తే బయట పడుకోబెట్టమంటావా?"

"పదీ పోతాయి. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవకు."

"పోతే పోనీ!"

"పోనీయా? ఒక్క మర మారితే మనుషుల్ని గుమ్మంలోంచి గెంటేవాడివి..."

"నోర్ముయ్యి ఇజీనా! నీకేం తెలుసు? పిల్లా జెల్లా లేనిదానివి, నీకెలా తెలుస్తుంది?"

గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. అది వాడిది కాదు, దెర్నా అతుకు, పోయి తడిమి చూసుకో! ఈ మాట నా పళ్ల దాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, ఆయన నోరు మూతపడేది, గోడ మీదున్నవన్నీ బతికేవి. ఆయన మొహం చూశాను. గడ్డం మీద చేప నూనె, కళ్లలో భయం. ఆ మాట మింగేసి, గిన్నె సింకులో పడేసి కిందికి వచ్చేశాను. వచ్చి బాగా ఏడ్చాను. ఇవానోని ఎత్తుకుని పెంచింది ఎవరు మరి? ఆల్బా ఫ్యాక్టరీకి వెళ్తే వాడికి అన్నం పెట్టిందెవరు?

ఆ వారమే గర్బీనో గాలి లేచింది. కిటికీలు మూస్తే ఉడుకు, తీస్తే దుమ్ము. రోజల్లా అదే హోరు. కోపం చల్లారక నేను వంట చేసి గిన్నె గుమ్మం ముందు పెట్టి వచ్చేస్తున్నాను. మూడో నాడు మధ్యాహ్నం పైనుంచి టంగ్‌మని వినిపించింది. కాసేపాగి ఇంకోటి. ఏమిటో నాకు తెలిసిపోయింది. పంతం పక్కనపెట్టి మెట్లెక్కాను.

మీట ఉన్న ఎర్రదానికి తీగలు తెగి వేలాడుతున్నాయి. దాని పక్కన నల్లదాని మరలకి పచ్చగా పొంగు. వాసనకి కళ్లు మండుతున్నాయి. అన్నయ్య కుర్చీలో కూర్చుని, ఒళ్లో బంగారుదాన్ని పెట్టుకుని, నూనె గుడ్డతో ఒక్కొక్క మరనీ తుడుస్తున్నాడు. గుడ్డ జారిపోతోంది, మళ్లీ తీసుకుంటున్నాడు. నేను వచ్చినా తలెత్తలేదు. ఆయన మీద కోపాన్ని ఏం చెయ్యాలో తోచక, తిన్నగా బస్సెక్కి లొరేతో వెళ్లి గ్వాల్తియేరో మీద పడ్డాను.

"ముసలాయన్ని పట్టుకుని మోసం చెయ్యడానికి నీకు సిగ్గు లేదూ?"

"నేనా? అయ్యో పిన్నిగారూ, దేవమాత మీద ఒట్టు, నేనేం చేశాను?"

"అది మావాడి గిటారని చెప్పి అంటగట్టలేదూ?"

"నేను చెప్పలేదు తల్లీ! పేసరో దగ్గర మూతబడ్డ డాన్సు హాలు అటక మీద దొరికింది. గర్బీనో అంటే ఆయనే కదా అని ఫోను చేశాను. బస్సు దిగి వచ్చాడు. ఇదిగో, ఈ బల్ల మీదే పెట్టాను. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. ఇక్కడ తడిమాడు" అని గ్వాల్తియేరో తన మోచెయ్యి గాల్లో ఆనించి, దాని కింద బొటనవేలు ఆడించి చూపించాడు. "ఒకసారి తడిమాడు. మళ్లీ తడిమాడు. వేలు అటూ ఇటూ జరిపాడు. ఎంతసేపనుకున్నారు! నాకు భయమేసి కుర్చీ వేశాను. ఏం పెద్దాయనా, మీది కాదా అని అడిగాను. వేలు వెనక్కి తీసుకుని, 'ఇదే, ఇంటికి తీసుకురా' అన్నాడు."

ఆ కుర్చీలోనే నేనూ కూర్చున్నాను. అంటే తెలుసు. మొదటినుంచీ తెలుసు. అందుకే ముట్టుకోలేదు.

జబ్బు సంగతి చెబితే గ్వాల్తియేరో గుండెలు బాదుకున్నాడు. "రేకు మాత్రం ఊడదియ్యకండి పిన్నిగారూ! లోకంలో మిగిలింది ఇదొక్కటే అయ్యుంటుంది. జర్మనీలో ఒకతనున్నాడు, ఎలా ఉన్నా సరే తీసుకుపోతాడు. రేకు తీస్తే అది వట్టి చెక్క. దాన్ని ఎవరూ గర్బీనో అనరు."

ఇంటికొచ్చేసరికి అన్నయ్య అదే కుర్చీలో ఉన్నాడు. మొకా కెటిల్లో కాఫీ పొంగించి, ఆయన కప్పులో కాస్త మిస్త్రా సారా ఒంపి, ఎదురుగా కూర్చున్నాను.

"నీకు తెలుసు" అన్నాను.

బుకాయించలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"వచ్చిన రోజే. స్టూలెక్కి చూశాను."

"ఈ వయసులో స్టూలెక్కావా? పడి చస్తే నాకు వంటెవరు చేస్తారే?"

"మాట మార్చకు. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదాని."

"నేనూ అందుకే. వాడు వచ్చాడని నువ్వైనా సంబరపడతావని." కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇజీనా, ఆ మేకు చూసి చూసి విసిగిపోయాను. పొద్దున లేస్తే అదే, పడుకోబోతే అదే. వాడిది ఇక దొరకదు. ఎవడో ఎప్పుడో పొయ్యిలో పెట్టేసుంటాడు. ఇది కనపడింది. తడిమాను, లేదు. లేకపోయినా వదిలి రాబుద్ధి కాలేదు. దూరం నుంచి చూస్తే వాడిదేలే అనుకుని తెచ్చుకున్నాను."

"మరి చూస్తున్నావా దూరం నుంచి?"

"ఈ వాసన లేకపోతే బాగుండేది" అన్నాడు. కప్పు కింద పెట్టి, "మొన్న నేనన్న మాట..." అన్నాడు.

"ఆ మాటెత్తకు. ఎత్తితే ఈ కప్పు నీ నెత్తిన వేస్తాను."

గోడ మీద ఇంకో తీగ తెగింది. ఈసారి ముత్యపు తెల్లది. ఇద్దరం అటు చూశాం.

"రేకు తీసెయ్యి" అన్నాడు.

"ఏమన్నావు?"

"ఆకుపచ్చదాని రేకు ఊడదీసి కొత్తది తొడుగు. నీ చేత్తో. అతుకు నీ చోటే వెయ్యి."

ఈయనేనా అంటున్నది! "గొరిగిన పిల్లి అవుతుంది అన్నయ్యా."

"అవనీ."

"లోకంలో ఇదొక్కటే మిగిలిందట. జర్మనీవాడికిస్తే అద్దాల బీరువాలో పెట్టుకుంటాడట."

"జర్మనీవాడికి కొడుకుల్లేరా? వాళ్లని పెట్టుకోమను."

"ఇది దొంగపని కాదూ? లేనిదాన్ని ఉన్నట్టు చెయ్యడం?"

"ఎవరి దగ్గర దొంగతనం? ఉన్నది మనిద్దరం. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నా చేతులు వణుకుతున్నాయి, నావల్ల కాదు."

"నా సుద్ద చూసి నీ చేతులు ఎప్పుడు వణక్కుండా ఉన్నాయే?" అన్నాడు.

గాలి ఆగిన రోజున మొదలుపెట్టాం. మా ఊళ్లో ఇంకా అకార్డియన్లకి రేకు తొడిగేవాడు ఒకడు మిగిలాడు, వాడి దగ్గర సముద్రపు ఆకుపచ్చ లేదు, ముదురు రకం ఉంది. అదే తెచ్చాను. పాత రేకు కత్తి తగిలితే చాలు, ఎండిన పుండు పొక్కులా రాలింది. అది నిప్పు తగిలితే భగ్గుమనే సరుకు, అందుకని రాలినదాన్ని రాలినట్టు నీళ్ల బకెట్లో వేశాను. దెర్నా అతుకు ఊడదీస్తూంటే నాకు ప్రాణం చివుక్కుమంది. క్షమించవే తల్లీ అనుకున్నాను. కింద చెక్క లేతగా, పాలిపోయి ఉంది. అన్నయ్య వంటింటి కుర్చీలో కూర్చుని, ఆఖరి బల్ల దగ్గర కూర్చున్నట్టే, నా చేతుల వంక చూస్తూ ఉన్నాడు. ఎర్రదీ నల్లదీ ఎలాగూ బాగుపడవు. తక్కినవి నా ఇంట్లో, నా మంచం చుట్టూ ఆనించి పెట్టాం.

రేకు నానింది. కిటికీలన్నీ తెరిచి, చెక్కకి జిగురు పూసి, తడి రేకుని లాగి చుట్టాను. ఒకప్పుడు పాట పాడుకుంటూ చేసిన పని. ఇప్పుడు వేళ్లు మాట వినవు, ఒకచోట సాగింది, ఇంకోచోట ముడత పడింది, తిట్టుకుంటూ సరిచేశాను. మోచేతి వంపులోకి వచ్చేసరికి మాత్రం చేతులకి దారి గుర్తుంది. అంచూ అంచూ కలిపి అతుకు నొక్కాను. వంకరగానే వచ్చింది. వచ్చింది చాలు.

"రేపటిదాకా ముట్టుకోకు" అని చెప్పి చేతులు కడుక్కోడానికి సింకు దగ్గరికి వెళ్లాను.

సబ్బు రుద్దుతూ వెనక్కి తిరిగాను. అన్నయ్య కుర్చీలో లేడు. బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లు మూసుకుని, నా అతుకు పక్కన, మెత్తటి రేకులో, బొటనవేలు గోటిదాకా దించేశాడు. దించిన వేలు తియ్యట్లేదు.

"గాడిదా! ఆరనివ్వరా!" అని అరిచాను. తోడబుట్టిన అన్నని, ఎనభై దాటిన మనిషిని!

"తెలీక తగిలింది" అన్నాడు. మొహం నవ్వబోయింది, నవ్వు రాలేదు, భుజాలు కదిలిపోయాయి. నేను సబ్బు చేతులతోనే వెళ్లి పట్టుకున్నాను. ఇద్దరం ఆ అసిటోన్ వాసనలో నిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాం.

చాలాసేపటికి ఆయన వేలు తీశాడు. వంగి గుంటని చూశాడు. జేబులు తడుముకున్నాడు. సుద్ద లేదు, ఎందుకుంటుంది? ఉత్తి వేలితోనే గాల్లో ఒక గీత గీశాడు.

"పనికిరాదు" అన్నాడు.

"అయితే మనింటికే" అని, ఆయన బొటనవేలికి అంటుకున్న ఆకుపచ్చని నా ఏప్రన్ అంచుతో తుడిచాను.